తొమ్మిది దండలు, తొమ్మిది మంది

ఉప ఎన్నిక ప్రకటించిన రోజు, మలేసియా సెలంగోర్ రాష్ట్రంలోని మా బంటింగ్ ఊళ్ళో అందరికన్నా ముందు సంతోషించినది నేనే. అభ్యర్థులకు గెలుస్తామో లేదోనన్న బెంగ ఉంటుంది. పూలు అమ్ముకునేదానికి ఆ బెంగ లేదు. ఎవరు గెలిచినా మెడ మెడే, దండ దండే. నామినేషన్ ఒక శనివారం, పోలింగ్ మరో శనివారం, మధ్యలో పద్నాలుగు రోజులు. ఆ పద్నాలుగు రోజుల్లో పోయే చామంతి మామూలు రోజుల్లో మూడు నెలల సరుకు. ఉదయం పుట్టి సాయంత్రానికి చచ్చే సరుకుతో వ్యాపారం చేసేవాళ్ళకు ఇంతకన్నా మంచి సీజన్ దొరకదు. కామెరాన్ హైలాండ్స్ నుంచి పూలు దింపే లారీవాడికి ఆ పూటే ఫోన్ చేసి, రోజుకు పది పెట్టెలు ఎక్కువ వేయమన్నాను.

మా అంగడి బస్టాండు ఎదుటి వరుసలో ఉంది. మా ఆయన పోయిన నాలుగేళ్ళ నుంచి దాన్ని నడిపేది ముగ్గురు ఆడవాళ్ళం. కొనడం, అమ్మడం, తగువులాడడం నా వంతు. దండ కట్టడం మా అత్త కన్నియమ్మ వంతు. ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. నా కూతురు తివ్య క్లాంగ్‌లో ఉద్యోగం చేస్తూనే, ఫోన్‌లో వచ్చే ఆర్డర్లు చూసుకుంటుంది. మేడమీది గదిలో ఎడ్విన్ బార్లో అనే ఇంగ్లిషాయన అద్దెకుంటాడు.

అత్తకు అక్షరం రాదు. ఎన్నికల వేళ ఒకే రోజు ఇద్దరు ముగ్గురు అభ్యర్థుల దండలు కట్టాలి, ఒకరివి ఒకరికి పోకూడదు. అందుకని గోడకు మేకులు కొట్టించి ఒక్కో అభ్యర్థికి ఒక్కో అరటినార తాడు వేలాడదీస్తుంది. దండ కట్టి పంపగానే తాడుకు ఒక ముడి. ఆర్డరిచ్చిన ప్రతి కొత్త మనిషికీ ముడి పక్కన ఒక ఎర్రదారం పీలిక. నేను ఈ ఇంటికి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ తాళ్ళు ఎప్పుడైనా తప్పు చెబుతాయేమోనని మొదట్లో రెండు మూడుసార్లు దొంగచాటుగా సరిచూశాను. తర్వాత మానేశాను, టైము దండగ.

బార్లో ముప్పై ఏళ్ళ కింద పామాయిల్ మిల్లుల బాయిలర్లు చూసే ఇంజనీరుగా వచ్చాడు. రిటైరయ్యాక తిరిగి వెళ్ళలేదు. రోజూ పొద్దున్న పాలూ పంచదారా లేని టీ ఒకటి తాగి, ఇంటర్నెట్‌లో తన పేజీకి ఏదో ఒకటి రాస్తాడు. లోకంలోని వింతలన్నీ వెతికి పట్టుకోవడం ఆయన పని. రోడ్డుమీద జారిపోయిన ఒంటి చేతితొడుగులను మాత్రమే ఫోటోలు తీసే పెద్దమనిషి ఎక్కడో ఉన్నాడట, ఆయన గురించి నాలుగు పేజీలు రాశాడు. మా ఊరి తప్పుల బోర్డుల గురించి రాస్తాడు. తన దేశపు రాజకీయాల గురించీ రాస్తాడు. "మా ప్రధానమంత్రులు మీ మల్లెపూలలాంటివాళ్ళు మిసెస్ రత్నా, గురువారం కొంటే శనివారానికి ఉండరు" అన్నాడు ఒకసారి. మేమిద్దరం మాట్లాడుకునేది మలయ్‌లో. ఆయన మలయ్ నాకన్నా శుభ్రంగా ఉంటుంది.

"ఇదంతా ఎంతమంది చదువుతారు?" అని అడిగాను.

"నలభై ఒక్క మంది. అందులో ఒకరు మా అక్క. ఆమె చదవదు, కాని లెక్కలో ఉంటుంది."

ఊరికే ఇచ్చినా నలభై ఒక్క మందే తీసుకుంటున్న సరుకు! నేనైతే ఏనాడో అంగడి మూసేసేదాన్ని.

మా అత్తకు మాత్రం ఆయన దొర. ఆమె పుట్టింది సుంగై సుమున్ వైపు ఒక రబ్బరు తోటలో. బార్లో మెట్లు దిగి వస్తే చాలు, ఒళ్ళో పూలు పక్కన పెట్టి లేచి నిలబడేది. ఆయన సిగ్గుపడి "కూర్చోండి, ప్లీజ్, నేను ఎడ్విన్‌ని" అనేవాడు. "అలాగే దొరా" అని ఆమె నిలబడే ఉండేది.

ఎన్నికలో అసలు పోటీ ఇద్దరి మధ్య. లాయరు యోగేశ్వరన్ పెద్ద కూటమి మనిషి. సాలమన్ మాస్టర్ స్వతంత్ర అభ్యర్థి, రిటైరైన బడిపంతులు, మా తెలుగాయనే. తోటలు అమ్మేశాక ఇళ్ళు దొరకని కుటుంబాల కోసం నిలబడ్డాడు. మొదటి బుధవారం సాయంత్రానికి లాయరు తాడు గోడమీంచి నేలకు దిగింది. మాస్టరు తాడు జానెడు.

ఆ సాయంత్రం బార్లో టీ తాగుతూ గోడవైపు చూసి, తివ్యను మలయ్‌లో అడిగాడు.

"ఆ తాళ్ళేమిటి? ఇన్నాళ్ళూ అలంకారమనుకున్నాను."

తివ్య నోరు తెరిచేలోపే అత్త లేచింది. చీర చెంగు సర్దుకుని, చేతులు రెండూ పక్కకు దించి నిలబడింది.

"ఇది లాయరు బాబుది దొరా. నూట ఎనభై ఆరు. ఇది సాలమన్ మేస్టరుది. తొమ్మిది."

తివ్య ఇంగ్లిషులో చెప్పింది. "మరి ఆ ఎర్రదారాలు?" అన్నాడాయన.

"ఆర్డరిచ్చిన మనుసులు దొరా. లాయరు బాబు దండలన్నిటికీ ఒక్కడే వచ్చినాడు, ఆ కుగన్ బాబు. మేస్టరుకి తొమ్మిది మంది వచ్చినారు. ఒకలు బడికాడ ఆయా, ఒకలు క్లాంగు బస్సు డ్రైవరు, ఒకలు సేపలమ్మే సీనావోడు..."

బార్లో ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, తాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఎర్రదారాలు వేలితో లెక్కపెట్టాడు. ఒక ఫోటో తీసుకోవచ్చా అని అడిగాడు. అత్త తాళ్ళ పక్కన ఇంకా నిటారుగా నిలబడింది.

నేను అక్కడే ఉన్నాను. కుళ్ళిన గులాబీల గురించి లారీవాడితో ఫోన్‌లో కొట్లాడుతున్నాను. ఒక చెవితో అంతా విన్నాను. మా వ్యాపారంలో ఒక కట్టుబాటు ఉంది: ఎవరి దండ ఎవరు కొన్నారో అంగడి గడప దాటకూడదు. నాయకుడి దండలు నాయకుడి మనుషులే కొని, జనం చేతుల్లో పెట్టి, ఆయన మెడలో వేయిస్తారన్నది పూలు కట్టే ప్రతివాళ్ళకూ తెలుసు. ఎవరూ అనరు. ఫోన్‌కు చేయి అడ్డం పెట్టి "అత్తా, చాలు" అంటే అక్కడితో అయిపోయేది. కాని నేను వేసుకున్న లెక్క ఏమిటంటే, చదివేది నలభై ఒక్క మంది, అందులో ఒకామె చదవదు. గులాబీలు మాత్రం ఇప్పుడే కుళ్ళుతున్నాయి.

ఆయన మేడెక్కాక అడిగాను. "అదంతా ఎందుకు చెప్పీసినావు అత్తా?"

"దొర లెక్క అడిగితే సెప్పకుండా ఎలాగుంటానే? పెరట్టులో దొర అడిగితే ఉన్నదున్నట్టు సెప్పాల. ఒక్క సెట్టు తప్పు సెప్పినా ఆ దినం పేరు కొట్టీసేవోడు."

పెరట్టు అంటే తోటలో తెల్లవారకముందే కూలీలను వరసగా నిలబెట్టి పేర్లు పిలిచే హాజరు.

"ఆ తోట లేదు, ఆ దొరా లేడు. ఈయన మన మేడమీద అద్దెకున్నోడు."

"తెల్లోడే కదేటి?" అంది, అక్కడికి ఆ మాట తేలిపోయినట్టు.

బార్లో ఆ ఫోటో శుక్రవారం పెట్టాడు. పైన "సెలంగోర్‌లో అబద్ధమాడని ఏకైక సర్వే" అని రాసి, కింద పెద్దగా ఏమీ రాయలేదు. ఒక అభ్యర్థికి నూట ఎనభై ఆరు దండలు, ఒక మనిషి. ఇంకొకరికి తొమ్మిది దండలు, తొమ్మిది మంది. తన దేశంలో కోట్లు పోసి చేసే సర్వేలకన్నా ఈ అరటినార నయమని ఒక ముక్క. అంతే.

శనివారం పొద్దున్నే తివ్య కేకలు పెడుతూ లోపలి గదిలోంచి వచ్చింది. ఈ దేశంలో పుట్టినవాళ్ళందరిలా అదీ మాట చివర "లా" తగిలిస్తుంది. "అమ్మా! అంతా షేర్ చేస్తున్నారు లా! నా ఆఫీసు గ్రూపులో వచ్చింది, మామ్మ ఫోటో! మలయ్‌లో కూడా రాసేశారు. నలభై వేల మంది చూశారు!"

"ఆయన అక్క చదివిందా?"

"జోకులేయకమ్మా."

మధ్యాహ్నానికి జనం వచ్చి తాళ్ళ ఫోటోలు తీసుకోవడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళు ఊరికే పోకుండా మాస్టరుకు ఒక దండ చెప్పి పోయారు. ఒక్కొక్కరు ఒక్కటి. కొందరు నవ్వులాటకు చెప్పారు, కొందరు నవ్వకుండా చెప్పారు. మాస్టరు తాడు కుంకుమ పూసినట్టు ఎర్రబడింది. మూడో రోజున సాలమన్ మాస్టరే మోటారుసైకిలు మీద వచ్చాడు, మెడ గోక్కుంటూ.

"అక్కా, కాస్త తగ్గించి కట్టించండి. మాట్లాడదామని నోరు తెరిస్తే చామంతి రేకులు లోపలికి పోతున్నాయి. ఇళ్ళ గురించి చెప్పడం మొదలుపెడతాను, తుమ్ములొస్తున్నాయి. మా ఆవిడ డోరతీ నన్ను చూసి పెళ్ళినాడు కూడా ఇన్ని లేవంటోంది."

"నేను అమ్మేదాన్ని మాస్టారూ, తగ్గించమని నన్నడిగితే ఎలా? తుమ్ములకు మందు ఎదుటి అంగడిలో ఉంది."

లాయరు ఆర్డర్లు ఆగిపోయాయి. సోమవారం ఒక విచిత్రం జరిగింది. లాయరుకు ఒక్కొక్క దండ కావాలని ఏడుగురు విడివిడిగా వచ్చారు. అత్త ప్రతి ఒక్కరినీ ఆప్యాయంగా "నిన్ను ఎవలు పంపినారు నాయనా?" అని అడిగింది. ఏడుగురూ "కుగన్ అన్న" అన్నారు. అత్త ఏడు ముళ్ళు వేసింది. ఎర్రదారం ఒక్కటి కూడా కట్టలేదు.

మంగళవారం కుగనే వచ్చాడు. లాయరు ప్రచారమంతా అతని చేతుల్లో ఉంది. అంతకన్నా ముఖ్యం, మా ఊరి అమ్మవారి గుడి కమిటీకి అతనే సెక్రటరీ. తెల్లచొక్కా, రెండు ఫోన్లు. అతను మాట్లాడేది అరవమే. తల్లి తెలుగామె కాబట్టి కోపం వస్తే మాత్రం తెలుగు దొర్లుతుంది. ఆ రోజు అరవంలోనే, చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"అక్కా, నవరాత్రి దగ్గరకొచ్చింది. పదేళ్ళుగా గుడికి పూలు ఎవరిస్తున్నారు?"

"మేమే."

"ఇకముందు కూడా మీరే ఇవ్వాలని నా కోరిక. ఒక్క నిమిషం వీడియో ఇవ్వండి. మా అత్తకు వయసైంది, మతి సరిగా లేదు, ఆ తాడు లెక్క తప్పు అని చెప్పండి, చాలు. నా పేజీలో లైవ్ వేస్తాను. రికార్డు చేసి పెడితే కత్తిరించి అతికించారంటారు."

"పైనున్నాయన సంగతి?"

"విదేశీయుడు మన ఎన్నికలో వేలు పెట్టాడని ఒక కంప్లైంటు చాలు, వీసా సంగతి వాళ్ళు చూసుకుంటారు. మీరు వీడియో ఇస్తే దాని అవసరం రాదు."

"ఆవిడ ఇక్కడే ఉంది కుగన్. ఆవిడ ఎదుటే మతి లేదని చెప్పాలా?"

"పాట్టీకి ఏం తెలుస్తుంది లా" అన్నాడు. పాట్టీ అంటే అరవంలో మామ్మ.

అత్త ఆరడుగుల దూరంలో కూర్చుని మల్లెలు కడుతోంది. అరవం ఆమెకు అతనికన్నా ముప్పై ఏళ్ళ ముందు నుంచి వచ్చు. చేతులు ఆగలేదు.

"రేపు నాలుగింటికి రా" అన్నాను.

అతను వెళ్ళాక మనసులో తూకం వేసుకున్నాను. ఒక తట్టలో గుడి. రోజువారీ పూలు, శుక్రవారాలు, ఆడి నెల పూజలు, నవరాత్రి, అన్నీ కలిపితే ఏడాదిలో మా వ్యాపారం మూడోవంతు. రెండో తట్టలో ఒక ముసలామె గురించి ఒక మాట. జనం రెండు వారాల్లో మరిచిపోయే మాట. ఎన్నికలయ్యాక ఆ తాళ్ళు చెత్తబుట్టలోకే పోతాయి. పైగా వీడియో ఇస్తే బార్లో వీసా కూడా నిలబడుతుంది. ఏ వైపు నుంచి తూచినా ముల్లు ఒకే వైపు మొగ్గింది.

బార్లో తివ్య ద్వారా విని కిందికి వచ్చాడు. ఆ రోజు టీ తీసుకోలేదు.

"తీసేస్తాను, మిసెస్ రత్నా. ఇప్పుడే. నేను నవ్వుకోవడానికి రాశాను, మీ అంగడి మీదికి తెచ్చాను."

"తీసేస్తే కుగన్ ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. అబద్ధం కాబట్టే తీసేశాడంటాడు. మీ వీడియో కూడా అడుగుతాడు."

"అయితే ఎందుకు తీయడం? ఇచ్చేది ఉంది గాని వచ్చేది లేని బేరం. ఉంచండి. మిమ్మల్ని పంపించేస్తే ఎక్కడికి వెళ్తారు?"

"మా అక్క దగ్గరికి. అక్కడ నా వీసా ఆమె చేతుల్లో ఉంటుంది. ఇక్కడి ఇమిగ్రేషన్ వాళ్ళే నయం" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు, కాని మేడమెట్లు ఎక్కేటప్పుడు చెయ్యి గోడకు ఆనించి ఎక్కాడు. ఎప్పుడూ అలా ఎక్కడు.

దీపం పెట్టే వేళకు అత్త పక్కన కూర్చున్నాను.

"కుగన్ అన్నది విన్నావు కదా అత్తా?"

"సెవుడు నేదు కదే నాకు."

"ఏం చేద్దాం?"

"ఏటి సేసేది? సెప్పీ. మతి నేదని సెప్పీ. గుడి పూలు పోతే అంగడి ఎలాగ నడుస్తాది? నానేటి, ఇప్పుడు పరీచ్చ రాయాలా, ఉజ్జోగం సెయ్యాలా?"

ఆమె కూడా అదే లెక్క వేసిందన్నమాట. నాకు గుండె తేలికైంది. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

బుధవారం పొద్దున్నుంచే ఆర్డర్లు. మాస్టరుకే ఒక్కొక్కటీ వస్తున్నాయి. మధ్యాహ్నం కాకముందే పదిహేను దండలు కట్టి పంపింది అత్త. నేను గోడవైపు చూశాను. తాడు నిన్న ఎక్కడుందో అక్కడే ఉంది.

"అత్తా, ముళ్ళు వెయ్యలేదేం?"

"మతి నేనోలు లెక్కెయ్యకూడదు కదే" అంది. అందులో కోపం లేదు, దెప్పుడు లేదు. వాన వచ్చేలా ఉంది, గొడుగు తీసుకో అన్నట్టు అంది.

తర్వాత నేను లెక్కపెట్టాను. దండ కట్టడం పూర్తయిన ప్రతిసారీ ఆమె కుడిచెయ్యి గోడవైపు సగం లేచి, ఆగి, మళ్ళీ ఒళ్ళోకి దిగింది. అరవై ఏళ్ళ అలవాటు ఒక్క పూటలో పోదు. ఒకటి, రెండు, మూడు. పదకొండుదాకా చూశాను. ఆ తర్వాత లోపలికి వెళ్ళి అన్నం నిలబడే తిని, తివ్యకు ఫోన్ చేసి సగంరోజు సెలవు పెట్టి రమ్మన్నాను.

నాలుగింటికి కుగన్ వచ్చాడు. ఫోన్‌ను మూడుకాళ్ళ స్టాండుకు బిగించి, వెనక అమ్మవారి పటం కనిపించేలా నన్ను నిలబెట్టాడు. ఏం చెప్పాలో అరవంలో రాసుకొచ్చిన కాగితం ఇచ్చాడు. అయిదు వాక్యాలు. చక్కగా రాశాడు, అబద్ధంలో కూడా ఒక్క తప్పు లేదు. ఒకసారి చదివి మడిచి పూలబుట్టలో పెట్టాను.

"రెడీనా అక్కా?"

"రెడీ."

వేలితో తెర తాకి, స్టాండు వెనక్కి తప్పుకున్నాడు. పక్కన తివ్య తన ఫోన్‌లో చూస్తూ "మూడొందల మంది ఉన్నారు" అని పెదవులతో చెప్పింది. మేడమెట్ల మీద బార్లో నిలబడి ఉన్నాడు.

"నా పేరు రత్నావతి" అన్నాను. "ఈ అంగడి మాది. మా అత్తగారు కన్నియమ్మకు ఎనభై నాలుగేళ్ళు."

ఇక్కడిదాకా కాగితంలో ఉన్నదే. కుగన్ తలూపాడు. నేను పక్కకు తిరిగాను.

"అత్తా, ఇలా రా."

"ఏటి?"

"లెక్క అడుగుతున్నారు."

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాత ఒళ్ళో పూలు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, నేను జరిగిన చోట వచ్చి నిలబడింది. చీర చెంగు సర్దుకుంది. చేతులు పక్కకు దించింది.

"అక్కా, పాట్టీ వద్దులే, ఆమెకు శ్రమ ఎందుకు" అన్నాడు కుగన్, గొంతులో తేనె పోసి. లైవ్‌లో ఉన్నామని గుర్తుంది మరి.

"నువ్వు ఆగు బాబూ, నీ కాడికే వస్తన్నాను" అంది అత్త. "లాయరు బాబుది. ఆదారం నలభై. సోమారం ముప్పై రెండు. మంగళారం యాభై. బుదారం అరవై నాలుగు. నూట ఎనభై ఆరు. మళ్ళీ సోమారం ఏడు. ఏడుగురు వచ్చినారు, ఏడుగురినీ కుగన్ బాబే పంపినాడు. మొత్తం నూట తొంబై మూడు. మనిసి ఒక్కడు. మంచోడే, పూలు వాడినాయని ఏ దినమూ గొడవ సెయ్యనేదు."

మేడమెట్ల మీంచి ఏదో చప్పుడైంది. బార్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మేస్టరుది నిన్నటికి ఎనభై ఒకటి. మనుసులు ఎనభై ఒకలు. ఇయ్యాల ఇరవై ఆరు. ముడెయ్యనేదు గానీ గురుతున్నాయి, సెప్తాను. పొద్దున్న మొదుటికి బ్యాంకుకాడ కావలోడు. ఆ తరవాత తెల్లకారు డాక్టరమ్మ, సంటిపిల్లని ఎత్తుకుని వచ్చింది. ఆ తరవాత అన్నదమ్ములు ఇద్దరు, సెరొకటి సెప్పినారు. ఆ తరవాత సేపల సీనావోడు, మళ్ళీ వచ్చినాడు. నీది అయిపోయింది కదా, ఎర్రదారం రెండోపాలి కట్టనన్నాను. అయితే మా ఆడదాని పేరున కట్టు అన్నాడు. ఆమెని తీసుకురా అన్నాను. తీసుకొచ్చినాడు..."

పద్దెనిమిదో మనిషి దగ్గరికి వచ్చేసరికి కుగన్ తెరమీద వేలు పెట్టి ఆపేశాడు. అత్త చూడలేదు. ఇరవై ఆరూ చెప్పి ముగించి, "నూట ఏడు" అని, వెళ్ళి తన చోట కూర్చుంది. కూర్చున్నాక తాడు దించమంది. పొద్దుటి ఇరవై ఆరు ముళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంది.

కుగన్ స్టాండు మడుస్తూ తెలుగులోకి దిగాడు. "ఏటి సేసినావో తెలుసా అక్కా? ముసల్దాన్ని అడ్డం పెట్టుకుని నా పరువు తీసినావు! నవరాత్రి మరిసిపో!"

"మరిచిపోయాను" అన్నాను.

"ఆ తెల్లోడి సంగతి కూడా సూస్తాను."

"చూడు. స్టాండు మేకుకు తగులుతోంది, జాగ్రత్త."

అతను కట్ చేసేలోపు ఎవరో ఆ లైవ్ వీడియోను తమ ఫోన్‌లో దాచేసుకున్నారు. సాయంత్రానికి ఊరంతా అదే. శనివారం పోలింగ్ జరిగింది. లాయరు యోగేశ్వరన్ గెలిచాడు. ఇంటర్నెట్‌లో నవ్వినవాళ్ళందరికీ ఇక్కడ ఓటు లేదు కదా. కాని వేలల్లో గెలవాల్సినవాడు వందల్లో గెలిచాడు. లెక్కింపు అయ్యేదాకా కుగన్ కుర్చీలో కూర్చోలేదని విన్నాను. సాలమన్ మాస్టర్ మర్నాడు వచ్చి, ఓడిపోయిన ముఖమేమీ లేకుండా, తనకు ఓటేసిన ఇళ్ళ లిస్టు పట్టుకుని లాయరు ఆఫీసుకు వెళ్తున్నానన్నాడు. "ఇప్పుడాయన తలుపు తీయక తప్పదక్కా. ఎంతమంది ఉన్నామో ఆయనకూ తెలిసిందిగా."

సోమవారం గుడి కమిటీ కాగితం వచ్చింది. రెండు వాక్యాలు. ఈ ఏటి నుంచి పూల కాంట్రాక్టు క్లాంగ్‌లో ఇంకొకరికి ఇచ్చారు. బార్లో మీద కంప్లైంటు కూడా పడింది. ఒకసారి పిలిపించి గంటసేపు కూర్చోబెట్టారు. తిరిగొచ్చి, "ఆ ఆఫీసరు చాలా మర్యాదస్తుడు. జోకు ఏమిటో వివరించమన్నాడు. వివరించాను. మళ్ళీ వివరించమన్నాడు. ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ చట్టంలోనూ లేదు" అన్నాడు. వీసా సంగతి ఇంకా తేలలేదు. తేలేదాకా పొద్దున్నే లారీ దగ్గర పెట్టెలు దింపడానికి రమ్మన్నాను. వస్తున్నాడు. దొర పెట్టె మోస్తుంటే అత్త చూడలేక మొదటి రెండు రోజులు ముఖం తిప్పుకుంది. మూడో రోజు "అది తలకిందులు దొరా, అటు తిప్పు" అంది.

మూడోవంతు వ్యాపారం పోయింది. ఏడిస్తే తిరిగిరాదు. మంగళవారం తెల్లవారగానే నాలుగు రకాల దండలు నమూనాకు వ్యానులో వేసుకుని తీరం పట్టుకుని పైకి బయల్దేరాను. క్లాంగ్, కాపార్, క్వాలా సెలంగోర్. దారిలో ఎక్కడ గోపురం కనిపిస్తే అక్కడ ఆగాను. మొదటి గుడిలో వద్దన్నారు. రెండో గుడిలో దండలు తీసుకుని, చూసి, తర్వాత చెబుతామన్నారు, అంటే అదీ వద్దనే. ఇంకో మూడు చోట్ల కూర్చోమని కూడా అనలేదు. మధ్యాహ్నానికి దండలు సగం వాడాయి. నీళ్ళు చల్లుకుంటూ ముందుకు పోయాను.

క్వాలా సెలంగోర్ దాటాక పామాయిల్ చెట్ల మధ్య చిన్న గుడి. రేకుల కప్పు. గుడి పెద్ద ఒక ముసలాయన, బల్లమీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. నా దండను చేతిలోకి తీసుకుని, కట్టు ఎలా ఉందో వెనక్కి తిప్పి చూశాడు. అలా తిప్పి చూసినవాడు ఆ రోజు ఆయన ఒక్కడే.

"ఎక్కడి నుంచి?"

"బంటింగ్."

ఆయన నన్ను పరీక్షగా చూసి, జేబులోంచి ఫోన్ తీసి, మనవరాలిని పిలిచి ఏదో పెట్టమన్నాడు. మా అత్త గొంతు వినిపించింది. ఆదారం నలభై, సోమారం ముప్పై రెండు.

"ఈమె మీ మనిషేనా?"

"మా అత్త."

"ఈ లెక్క నిజమా?"

"నిజమే. దానివల్లే మా ఊరి గుడి బేరం పోయింది. అందుకే ఇంత దూరం వచ్చాను."

దాచి లాభం లేదు, ఎలాగూ తెలుస్తుంది. సరుకు లోపం ముందే చెప్పేస్తే బేరం త్వరగా తెగుతుంది. ఆయన దండను మళ్ళీ ఒకసారి తిప్పి చూశాడు.

"మాది పెద్ద గుడి కాదమ్మా. ఇప్పుడు పూలు ఇచ్చేవాడు పదిహేను అని పన్నెండు ఇస్తాడు. మాకు పదకొండు చాలు. పదకొండంటే పదకొండు ఉండాలి. శుక్రవారం పొద్దున్న ఎనిమిదికల్లా."

"ఉంటాయి" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. అత్త చామంతులు ఏరుతోంది, తివ్య పక్కన కూర్చుని నార నానబెడుతోంది. ఇద్దరూ తలెత్తి చూశారు. చెప్పులు విడిచి కూర్చున్నాను.

"ఒకటి దొరికింది" అన్నాను. "వారానికోసారి, శుక్రవారం."

"ఎన్ని?" అంది అత్త.

"పదకొండు."

తివ్య ముఖం వాడిపోయింది. "పదకొండేనా అమ్మా?"

అత్త దాని మాట పట్టించుకోలేదు. "ఎంత దూరం?"

"వ్యానులో రెండు గంటలు."

"ఎండలోనా?"

"ఏసీ పనిచెయ్యదు కదా అత్తా."

ఆమె చేతిలో చామంతి తొడిమ గిల్లి బుట్టలో వేసింది.

"అయితే పన్నెండు కడతాను" అంది. "దారిలో ఒకటి వాడిపోద్ది."